చిన్న గినీ పిగ్ పొద్దున్నుంచి తినడం లేదు, ఊపిరిలో చప్పుడు. ఎవరైనా త్వరగా చెప్పండి

పల్లవి_ఖమ్మం, రాత్రి 8:50

అందరికీ నమస్తే. మా బాబు పోరు పడలేక గినీ పిగ్స్ జత తెచ్చాం. ఒకటి బొబ్బట్టు, ఇంకోటి జంతిక. షాపతను రెండూ ఆడవే, నెలన్నర వయసు అన్నాడు. జంతిక బాగానే ఉంది. బొబ్బట్టు మాత్రం పొద్దున్నుంచి ఏదీ ముట్టుకోలేదు. మూలకి చేరి బొచ్చంతా నిక్కబొడుచుకుని కూర్చుంది, కళ్ళు సగం మూసే ఉన్నాయి, ముక్కు తడిగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి తీసినప్పుడల్లా పాలిథిన్ కవర్ నలిపినట్టు చిన్న చప్పుడు వస్తోంది. నిన్న మొన్నటిదాకా ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు ఇల్లెగిరిపోయేలా అరిచేది.

కిచెన్ స్కేల్ మీద పెడితే 285 గ్రాములుంది. తెచ్చిన రోజు 320.

ఇక్కడ తెలిసిన పశువుల డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే "గేదెలు, మేకలు, మహా అయితే కుక్కలు చూస్తానమ్మా, దీన్ని ఎప్పుడూ చూడలేదు" అన్నారు. పాపం ఉన్నమాట చెప్పారు. ఇంట్లో బాబుకి గొంతునొప్పికి రాసిన అమాక్సిసిలిన్ సిరప్ సగం సీసా ఉంది. రెండు చుక్కలు వేయొచ్చా? రేపటిదాకా ఆగొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

గడ్డిపరక, రాత్రి 8:56

అమాక్సిసిలిన్ వేయొద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. మిగతాది టైప్ చేస్తున్నా, ముందు ఆ సీసా అవతల పెట్టండి.

గడ్డిపరక, రాత్రి 9:10

కంగారు పెట్టానేమో, కానీ ఇందులో మొహమాటం పనికిరాదు. పెన్సిలిన్ జాతి మందులు, అంటే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, వాటితోపాటు క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా చచ్చి, క్లాస్ట్రీడియం అనే చెడ్డది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. జబ్బు తగ్గేలోపే విరేచనాలతో ప్రాణం పోతుంది. మనుషులకీ కుక్కలకీ రోజూ వాడే మందే కాబట్టి తెలియని డాక్టర్ కూడా రాసేయొచ్చు, అందుకే ఏ చీటీ చేతికొచ్చినా మందు పేరు చదువుకోండి.

రెండోది. ఇవి పూట గడిచేదాకా తినకుండా ఉండే జీవాలు కావు. పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, లోపలికి పీచు వెళుతూనే ఉండాలి. 12 గంటలు తినలేదంటే అప్పటికే ఎమర్జెన్సీ, ఒక రోజు దాటితే పేగులు ఆగిపోయి గ్యాస్ పట్టేస్తుంది, వాంతి చేసుకునే వీలు కూడా వాటికి లేదు. కాబట్టి "రేపటిదాకా ఆగొచ్చా" అంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి తెల్లవారేదాకా ఆగక తప్పదేమో గానీ తిండి విషయంలో ఈ రాత్రి ఆగడానికి లేదు.

వేడినీళ్ళ సీసా తువ్వాలలో చుట్టి బోనులో ఒక పక్కన పెట్టండి. ఒక పక్కనే. వేడి ఎక్కువైతే అది రెండో పక్కకి జరిగే చోటుండాలి. ఫ్యాన్ ఆపేయండి. కింద న్యూస్‌పేపరు తడిసి ఉంటే మార్చండి, మూత్రం ఘాటు ఊపిరితిత్తులకి మంచిది కాదు.

బావి_కప్ప, రాత్రి 9:14

అయిదారొందలకి ఇంకోటి వస్తుంది కదండీ, ఎలక సైజు దానికి ఇంత హైరానా ఎందుకో.

గడ్డిపరక, రాత్రి 9:15

మిమ్మల్ని ఎవరూ సిరంజి పట్టుకోమనలేదు కప్పగారూ. పడుకోండి.

డల్లాస్_అత్తయ్య, రాత్రి 9:31

పల్లవీ, కంగారు పడకమ్మా. మా పిల్లలకి ఇక్కడ గినీ పిగ్స్ ఉన్నాయి, ఒకదానికి పంటి జబ్బు చేసినప్పుడు వారాల తరబడి సిరంజితోనే పెట్టాను కాబట్టి ఈ ఒక్క పని బాగా వచ్చు. మాకు ఇక్కడ ఆక్స్‌బో వాళ్ళ క్రిటికల్ కేర్ అని పొడి దొరుకుతుంది, నీళ్ళలో కలిపి పట్టడమే. నీకు ఆన్‌లైన్‌లో దొరికినా ఈ రాత్రికి రాదు కాబట్టి ఇంట్లో ఉన్న పెల్లెట్స్ (షాపులో అమ్మే ఎండు మేత గుళికలు) గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, బాగా మెదిపి, పిప్పి లేకుండా గరిటెజారుగా చేసుకో. పెల్లెట్స్ ఉన్నాయి కదా?

1 ఎంఎల్ సిరంజి తెచ్చుకో, సూది తీసేసి. జావ అడ్డుపడుతుంటే మూతి దగ్గర కొంచెం కోసి అంచు నున్నగా చెయ్యి. బొబ్బట్టుని చిన్న తువ్వాలలో చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకో, వెల్లకిలా మాత్రం పడుకోబెట్టొద్దు. సిరంజి ముందునుంచి కాదు, పక్కనుంచి పెట్టాలి. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ మెల్లగా లోపలికి పోనిచ్చి పావు ఎంఎల్ వదులు. ఆగు. దవడ అటూ ఇటూ కదులుతుంది, నమిలి మింగడం కనిపిస్తుంది. అది చూశాకే మళ్ళీ. ఒకేసారి తోసేశావంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉన్న జబ్బుకి అది తోడవుతుంది. తల విదిలిస్తే ఓ నిమిషం వదిలెయ్యి.

మొదటిసారి సగం జావ నీ చీర మీదే ఉంటుంది, పాత చీర కట్టుకో.

వెట్_ఫైనలియర్, రాత్రి 9:48

పల్లవిగారూ, నేను వెటర్నరీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, డాక్టర్‌ని కాదు, ఇక్కడినుంచి మందు రాయను. కానీ ఒక్కటి వెంటనే చూడండి: నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? ప్రతి శ్వాసకీ పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతున్నాయా? అలా ఉంటే సిరంజి తిండి పెట్టొద్దు, అప్పుడు కావాల్సింది ఆక్సిజన్. నోరు మూసుకునే ఉండి, చప్పుడు మాత్రమే వస్తుంటే అత్తయ్యగారు చెప్పినట్టు కొద్దికొద్దిగా పట్టండి.

మీరు చెప్పిన లక్షణాలు న్యుమోనియా వైపే చూపిస్తున్నాయి. బోర్డెటెల్లా, స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనే రెండు బ్యాక్టీరియాలు వీటిలో ఎక్కువగా తెస్తాయి. కుందేళ్ళలో, కుక్కల్లో బోర్డెటెల్లా ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు, షాపుల్లో అన్నిటినీ పక్కపక్కనే పెడతారు కాబట్టి అక్కడే అంటుకుంటుంది. చిన్నవయసు, ప్రయాణం, చలి, కొత్త చోటు, ఇవన్నీ కలిసొచ్చాక బయటపడుతుంది.

ఇప్పటిదాకా ఏం పెట్టారు? కచ్చితంగా చెప్పండి, దాన్నిబట్టి ఇంకో మాట చెప్పాలి.

పల్లవి_ఖమ్మం, రాత్రి 10:05

నోరు మూసుకునే ఉందండీ, ఎముకలు గుంజుకోవడం లేదు. సిరప్ సీసా పారేశాం.

షాపులో కుందేళ్ళ పెల్లెట్స్ ఇచ్చాడు, అవే పెడుతున్నాం, ఇంకా క్యారెట్, క్యాబేజీ, దోసకాయ ముక్కలు. ఎండుగడ్డి సంగతి అతను చెప్పనేలేదు. మా ఆయన సిరంజి తేవడానికి మెడికల్ షాపుకి వెళ్ళారు. అత్తయ్యగారూ, పాత చీరే కట్టుకున్నాను.

వెట్_ఫైనలియర్, రాత్రి 10:22

అనుకున్నదే. కుందేలు తన ఒంట్లోనే విటమిన్ సి తయారుచేసుకుంటుంది, కాబట్టి దాని పెల్లెట్స్‌లో అది కలపరు. గినీ పిగ్‌కి మనలాగే ఆ శక్తి లేదు, రోజూ తిండిలో రావాల్సిందే. అసలు స్కర్వీ, అంటే సి లేక వచ్చే జబ్బు, తిండి లోపం వల్ల వస్తుందని జంతువుల్లో మొదట తేలింది దీంట్లోనే, 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అని ఇద్దరు చేసిన ప్రయోగాల్లో. మా క్లాసులో చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి ఇది. కొద్ది వారాలు సి అందకపోతే కీళ్ళు వాచి నడవడానికి ఇష్టపడవు, బొచ్చు గరుకెక్కుతుంది, జబ్బుని తట్టుకునే శక్తి పోతుంది. షాపులో కూడా ఇవే పెల్లెట్స్ పెట్టి ఉంటారు కాబట్టి లోపం అక్కడే మొదలై ఉండొచ్చు.

ఆరోగ్యంగా ఉన్నదానికి కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 ఎంజీ చాలు, జబ్బులో 30 నుంచి 50 దాకా ఇస్తారు. మీ దానికి లెక్కేస్తే 10 నుంచి 15 ఎంజీ. 500 ఎంజీ చప్పరించే బిళ్ళ ఏ షాపులోనైనా ఉంటుంది. మెత్తగా నూరి 50 ఎంఎల్ నీళ్ళలో కలిపితే ఒక ఎంఎల్‌లో 10 ఎంజీ ఉంటుంది, అదే సిరంజితో పట్టండి. మిగిలింది పారబోసి రేపు కొత్తగా కలుపుకోండి, గాలికీ వెలుతురుకీ పాడైపోతుంది, అందుకే తాగే నీళ్ళ సీసాలో కలపడం దండగ. మల్టీవిటమిన్ చుక్కలు మాత్రం వద్దు, అందులో ఎ, డి విటమిన్లు మోతాదు మించిపోతాయి.

జావ రోజు మొత్తానికి కిలోకి 50 నుంచి 80 ఎంఎల్, అంటే దీనికి 15 నుంచి 23. మూడు నాలుగు గంటలకోసారి 3 ఎంఎల్ దాకా. రాత్రి కూడా.

చిట్కాల_బామ్మ, రాత్రి 10:30

పిల్లల జలుబుకి మేము వాము కాచిన నీళ్ళు పట్టేవాళ్ళం తల్లీ. గుండెలకి కాస్త విక్స్ రాస్తే ఊపిరి తేలికవుతుంది. రెండు చుక్కల పెరుగు నాకిస్తే కడుపు కుదుటపడుతుంది.

గడ్డిపరక, రాత్రి 10:36

బామ్మగారూ, మీ ప్రేమ తెలుసు గానీ ఈ మూడూ వద్దండీ. విక్స్‌లో కర్పూరం, మెంథాల్ ఉంటాయి, ఇంత చిన్న ఒంటికి, అదీ ఒళ్ళు నాకుకునే జీవానికి, ప్రమాదం. పెరుగు గడ్డి తినే జంతువుకి అరగదు. వాము నీళ్ళు మనకి మంచివే.

సీతమ్మ_మనవడు, రాత్రి 10:41

గరిక పెట్టండి అక్కా. వినాయకుడికి పెట్టే గరికే. మా దగ్గర వీటికి ఏళ్ళుగా అదే మేత, టిమొతీ గడ్డి ప్యాకెట్లు కొనే స్తోమత మాకు లేదు, అవసరమూ రాలేదు. రోడ్డు పక్కది, కలుపు మందు కొట్టిన గట్టు మీదిది కొయ్యొద్దు, కుక్కలు తిరిగే పార్కుల్లోదీ వద్దు. కడిగి, బట్ట మీద ఆరబెట్టి, తడి లేకుండా ముక్కు ముందు పెట్టండి. తినకపోయినా వాసన తగలాలి. ఒకటీ అరా పరక లాగిందంటే ఇక దారిలో పడ్డట్టే.

వరిగడ్డి కింద పరుపుగా వేసుకోవచ్చు గానీ మేతగా దానిలో సత్తువ లేదు. పాడి రైతులు వేసే లూసర్న్ దొరికితే ఆరు నెలల లోపు పిల్లలకి మంచిదే, కాల్షియం ఎక్కువ కాబట్టి పెరిగే వయసుకి సరిపోతుంది. ఎండబెట్టి కొంచెమే పెట్టండి, పచ్చిది ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది. క్యాబేజీ ఇప్పుడైతే పూర్తిగా ఆపెయ్యండి, గ్యాస్.

పల్లవి_ఖమ్మం, అర్ధరాత్రి 12:20

జావ రెండు ఎంఎల్ దాకా లోపలికి వెళ్ళింది. మొదట్లో అంతా గడ్డం మీదే కార్చేసింది. అత్తయ్యగారు చెప్పిన ఖాళీ దొరికాక సిరంజి మూతిని తనే కొరకడం మొదలుపెట్టింది. సి నీళ్ళు పుల్లగా ఉన్నాయేమో ఇష్టంగానే తాగింది. లద్దెలు చిన్నగా, ఎండిపోయి, ఒక కొస సన్నగా ఉన్నాయి. గరిక పెరట్లోదే పెట్టాం, జంతిక తినేస్తోంది, ఇది వాసన చూసి వదిలేసింది.

పొద్దున ఎటు వెళ్ళమంటారు? కారుంది.

వెట్_ఫైనలియర్, అర్ధరాత్రి 12:31

ఖమ్మం నుంచి హైదరాబాద్ దూరం కదా. వరంగల్ దగ్గర మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, ఇటు గన్నవరంలో కూడా ఉంది. పొద్దున్నే రెండు చోట్లకీ ఫోన్ చేసి "గినీ పిగ్, న్యుమోనియా అనుమానం, ఎవరైనా చూస్తారా" అని అడిగి, చూస్తామన్న చోటికి బయల్దేరండి. విజయవాడలో కుందేళ్ళు, పక్షులు చూసే ప్రైవేటు డాక్టర్ దొరికినా సరే.

ఎక్స్‌రే అడగండి. ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు. యాంటీబయాటిక్‌గా ఎక్కువగా ఎన్రోఫ్లాక్సాసిన్ గానీ ట్రైమెథోప్రిమ్-సల్ఫా గానీ వాడతారు. మొదటిది ఎదిగే పిల్లల కీళ్ళ మృదులాస్థికి ఇబ్బంది అని పుస్తకాల్లో ఉంటుంది, న్యుమోనియా ప్రాణం మీదికి తెచ్చినప్పుడు డాక్టర్లు అయినా దాన్నే ఎంచుకోవచ్చు, ఆ లెక్క వాళ్ళది. మీరు అడగండి, వాదించకండి.

నైట్_డ్యూటీ, అర్ధరాత్రి 12:50

ప్రయాణానికి: అట్టపెట్టెకి పక్కల చిల్లులు, లోపల మెత్తటి పాత నూలు బట్ట, కొంచెం గరిక, ఓ దోసకాయ ముక్క. నీళ్ళ సీసా కారులో కారుతుంది, తడిస్తే చలి. కారులో ఏసీ వద్దు, అద్దం కొంచెం దించండి, గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టకూడదు. దారిలో ఆపి ఒకసారి జావ పట్టండి. జంతికని కూడా తీసుకెళ్ళండి.

డల్లాస్_అత్తయ్య, అర్ధరాత్రి 1:05

జంతికని విడిగా పెట్టాలి కదా బాబూ, అంటుజబ్బయితే?

నైట్_డ్యూటీ, అర్ధరాత్రి 1:11

ఇన్నాళ్ళూ ఒకే బోనులో ఉన్నాయి అత్తా, అంటుకోవాల్సింది ఈపాటికి అంటుకునే ఉంటుంది. విడదీస్తే జబ్బుది ఇంకా ముడుచుకుపోయి తిండి మానేస్తుంది.

గడ్డిపరక, అర్ధరాత్రి 1:20

ఇద్దరిదీ నిజమే. మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచండి. కనబడాలి, వాసన తగలాలి, ఒకే గిన్నెలో తినకూడదు. ఎవరు తిన్నారో, ఎవరి లద్దెలో కూడా తెలుస్తుంది.

పల్లవి_ఖమ్మం, మర్నాడు మధ్యాహ్నం 3:40

విజయవాడ వచ్చాం, డాక్టరమ్మ చూశారు. న్యుమోనియానే, ఎడమ పక్క ఎక్కువుంది. జ్వరం 104 దగ్గర ఉంది, మామూలుగా 99 నుంచి 103 లోపు ఉండాలట. మోకాళ్ళు నొక్కితే నొప్పికి అరిచింది, సి లోపం కూడా ఉందన్నారు. సెలైన్ ఎక్కించారు, నెబ్యులైజర్ పెట్టారు, ఎన్రోఫ్లాక్సాసిన్, నొప్పికి మెలాక్సికామ్ రాశారు. చీటీలో పేర్లు నేను గట్టిగా చదువుతుంటే ఆవిడ నవ్వి "ఎవరో బాగానే చెప్పి పంపారు" అన్నారు. రాత్రి తిండి పట్టకపోయి ఉంటే పేగులు ఆగిపోయేవి, అప్పుడు నా చేతుల్లో కూడా ఏం లేకపోయేది అన్నారు. తిండి, వెచ్చదనం, సి ఆపొద్దట. రెండు మూడు రోజులు గడిస్తే గానీ మాట ఇవ్వలేనన్నారు.

ఇంకో వార్త. జంతిక ఆడది కాదు. మగ.

సీతమ్మ_మనవడు, మధ్యాహ్నం 3:44

షాపోళ్ళు చెప్పే "రెండూ ఆడవే" 😂

వెట్_ఫైనలియర్, మధ్యాహ్నం 3:58

నవ్వే విషయమే గానీ జాలీ ఇక తీయకండి. మగవి మూడు నాలుగు వారాలకే, ఆడవి నెల వయసుకే ఎదకొచ్చేస్తాయి. బొబ్బట్టు ఈ పరిస్థితిలో చూలు మోయకూడదు. ఇప్పటికే కట్టి ఉంటే చేతితో ఇంత తొందరగా తెలియదు. చూలు కాలం 59 నుంచి 72 రోజులు. తర్వాతి చెకప్‌లో అడగండి, స్కాన్ ఎప్పుడు చేస్తే కనబడుతుందో ఆవిడే చెప్తారు.

పల్లవి_ఖమ్మం, వైద్యం మొదలైన రెండో రోజు ఉదయం 7:15

ఈరోజు 278. తగ్గుతోంది. జావ పడుతూనే ఉన్నాం కదా, ఏం లోపం చేస్తున్నానో తెలియడం లేదు. రాత్రి అలారం పెట్టుకుని లేచి పట్టాను. ఏడుపొస్తోంది.

డల్లాస్_అత్తయ్య, ఉదయం 7:33

నీ లోపం ఏం లేదమ్మా. జ్వరం ఉన్న ఒళ్ళు తిన్నది తిన్నట్టు ఖర్చుపెట్టేస్తుంది. ఎంత లోపలికి వెళ్ళింది, ఎన్ని లద్దెలు వేసింది, ఈ రెండూ కాగితం మీద రాసుకో. తూకం రోజూ ఒకే వేళకి, జావకి ముందు వెయ్యి. మీ ఆయన్ని ఒక రాత్రి లేవమను.

గడ్డిపరక, ఉదయం 7:40

కార్చేసింది లెక్కలోకి రాదు, మింగిందే లెక్క. మూడు ఎంఎల్ పట్టి ఒకటి కార్చేస్తే ఇంకొకటి పట్టాలి. డాక్టరమ్మకి ఈ బరువు ఫోన్లో చెప్పండి, మళ్ళీ సెలైన్ అవసరమేమో ఆవిడ తేలుస్తారు. పొట్ట గట్టిగా, ఉబ్బి ఉంటే ఆ మాట కూడా చెప్పండి. గ్యాస్ చుక్కలు ఆవిడ చెప్తేనే.

పల్లవి_ఖమ్మం, నాలుగో రోజు రాత్రి 9:20

మొన్న మళ్ళీ సెలైన్ పెట్టించాం, ఇక్కడి పశువుల డాక్టర్‌గారే విజయవాడ డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టారు. ఈరోజు 284. సాయంత్రం కొత్తిమీర కాడ ముక్కు దగ్గర పెడితే ఆకు వదిలేసి కాడని పట్టుకుని లాగింది. కాసేపటికి గరిక. ఒక్కొక్క పరకే, మధ్యలో ఆగి ఆయాసపడుతూ, కానీ తనే తింది. చప్పుడు ఇంకా ఉంది.

నైట్_డ్యూటీ, రాత్రి 9:24

సూపర్ పల్లవక్కా 🙏 సిరంజి అప్పుడే ఆపొద్దు. తను తినేకొద్దీ తగ్గించుకుంటూ రండి. చప్పుడు పోయినా యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వేయాలి, మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

బావి_కప్ప, రాత్రి 9:50

మొత్తం ఎంతయిందండీ ఖర్చు? ఊరికే అడుగుతున్నా.

పల్లవి_ఖమ్మం, రాత్రి 9:58

జత కొన్న డబ్బు కంటే చాలా ఎక్కువే అయింది కప్పగారూ, పెట్రోలు కాక. మా ఆయన కూడా మీలాగే అడిగారు, ఇప్పుడు ఆయనే రాత్రి రెండింటికి లేచి జావ పడుతున్నారు.

రోజూ పెట్టాల్సిన తిండి సంగతి ఎవరైనా చెప్పండి, ఈ కుందేళ్ళ పెల్లెట్స్ ఎలాగూ మార్చాలి.

గడ్డిపరక, రాత్రి 10:15

గరిక గానీ ఎండుగడ్డి గానీ ఎప్పుడూ ముందుండాలి, తిండిలో ముప్పావు వంతు పైగా అదే. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. గినీ పిగ్ పెల్లెట్స్ అని రాసి ఉన్నవి, విటమిన్ సి కలిపినవి, తయారీ తేదీ చూసి కొనండి, ప్యాకెట్ పాతదైతే సి ఉండదు. క్యాప్సికం ముక్క రోజూ. జామపండులో సి బోలెడు గానీ తీపి, అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు. మునగాకు మంచిదే, కాల్షియం ఎక్కువ కాబట్టి రోజూ వద్దు.

ఇప్పటినుంచే ఎండాకాలం గురించి కూడా ఆలోచించుకోండి. ఇవి ఆండీస్ కొండల చల్లదనానికి అలవాటుపడ్డ జాతి, 30 డిగ్రీలు దాటితేనే కష్టం, మీ ఖమ్మం ఎండలు మనుషులకే పడవు. ఏప్రిల్, మేలో ఇంట్లో చల్లటి గది వాటికి ఇవ్వగలరో లేదో చూసుకోండి.

పల్లవి_ఖమ్మం, వారం తర్వాత, సాయంత్రం 6:10

312 గ్రాములు. సిరంజి ఆపేశాం. డాక్టరమ్మ విని కుడి పక్క శుభ్రంగా ఉంది, ఎడమ పక్క కొంచెం మిగిలింది, కోర్సు పొడిగిద్దామన్నారు. ఇప్పుడు గొడవంతా జంతికతో. జాలీ అవతల నుంచి రాత్రంతా గుర్రు గుర్రుమంటూ తిరుగుతున్నాడు. ఆపరేషన్ చేయించి కలపొచ్చా?

వెట్_ఫైనలియర్, సాయంత్రం 6:45

చేయించొచ్చు, ఇంత చిన్న జంతువులకి మత్తు ఇచ్చి అలవాటున్న డాక్టర్ అయితేనే. చేశాక కూడా కొన్ని వారాలు సంతాన శక్తి ఉంటుంది కాబట్టి అప్పటిదాకా జాలీ ఉండాల్సిందే. ముందు బొబ్బట్టు చూలా కాదా తేలనివ్వండి. ఈ మధ్య పెరిగిన బరువు కోలుకోవడం వల్లో, లోపల పిల్లల వల్లో చూసి చెప్పలేం.

పల్లవి_ఖమ్మం, సాయంత్రం 6:52

బాబోయ్. సరే, శనివారం స్కాన్‌కి రమ్మన్నారు, చూసి చెప్తాను. కుందేళ్ళ పెల్లెట్స్ అర కిలో మిగిలింది, ఖమ్మంలో కుందేళ్ళు ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఇచ్చేస్తాను.